ఏ క్యాంపు, వదినె?

పొద్దున్నుంచీ గౌరవ్వకు కాలు ఒకచోట నిలవడం లేదు. చేట ముందేసుకుని కూర్చుంది గానీ చుట్టిన బీడీ చుట్టినట్టే ఊడిపోతోంది. తునికాకు కత్తిరించబోయి వేలు కోసుకుంది. లేచి వాకిట్లోకి తొంగి చూసింది, మళ్లీ కూర్చుంది. ఎల్లారెడ్డి నుంచి భూమక్క పదకొండింటికల్లా కామారెడ్డిలో దిగుతానంది. మీసేవ నడుపుకునే కొడుకు చక్రధర్‌కు గౌరవ్వ కూతురు వినీతను అడిగి, ఇవాళ మాట ఖాయం చేసుకోవడానికి వస్తోంది. ఇలాంటి రోజున ఏ తల్లికైనా కాస్త కంగారుంటుంది. గౌరవ్వది కంగారు కాదు, భయం. ఎందుకంటే ఈ మహాతల్లే ఒక అబద్ధమాడింది.

పూర్తి అబద్ధమూ కాదనుకోండి. వినీత నర్సు. పట్నం అవతల, బర్మా నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చిన కాందిశీకుల గుడిసెల్లో, ఒక సంస్థ తరఫున మందులిస్తుంది, గర్భిణులను చూసుకుంటుంది. "పిల్ల ఏడ పనిచేస్తది?" అని భూమక్క అడిగిన రోజు గౌరవ్వ "క్యాంపుల" అని ఊరుకుంది. ఈ జిల్లాలో క్యాంపంటే నిజాంసాగర్ కాలువల కింద, ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కలిగిన రైతుల ఊళ్లు. భూమక్క ముఖం విచ్చుకుంది. విచ్చుకున్న ముఖాన్ని ముడిచే పని గౌరవ్వ పెట్టుకోలేదు.

లోపల వినీత ఫోన్ మోగుతూనే ఉంది. చివరికి బ్యాగు సర్దుకుంటూ బయటికి వచ్చింది.

"అవ్వ, నెలలు నిండినామె ఒకామె ఉన్నది. కాళ్లు చేతులు వాచినయి, బీపీ దిగుతలేదు. దవాఖానకు పొమ్మంటే భయపడుతున్నదట. నేనొస్తెనే పోతదట. రెండు గంటల బస్సుకు పోత."

"ఇయ్యాలనా? ఇయ్యాల నీ పెండ్లి ముచ్చట బిడ్డా."

"ముచ్చటైనంకనే పోత తియ్యి."

మంచం మీద పడుకున్న గౌరవ్వ మొగుడు హనుమాండ్లు ఏమీ అనలేదు. ఎప్పుడన్నాడు గనక. పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో మేస్త్రీ పని చేసి, మాటలన్నీ అక్కడే వదిలేసి వచ్చిన మనిషి.

భూమక్క రానే వచ్చింది. చాయ్ సగం తాగి కప్పు కింద పెట్టింది.

"ఒక మాట అడుగుత, ఏమనుకోకు. మా తమ్ముడు బాన్సువాడ దిక్కు క్యాంపులన్ని తిరిగిండు. వినీత అనే నర్సు ఎవ్వలకు తెల్వదట. ఏ క్యాంపు, వదినె?"

గౌరవ్వ చేట దగ్గరికి లాక్కుంది. తల్లి ముఖం చూసింది వినీత. సంగతి అర్థమైపోయింది.

"కాలువ క్యాంపు కాదత్తమ్మ. బర్మా నుంచి పాణం దక్కించుకొని వచ్చినోళ్లు ఉంటున్నరు, పట్నం అవతల. ఆళ్ల దగ్గర చేస్త."

భూమక్క చాయ్ కప్పు అవతలికి జరిపింది.

"ఏ దేశపోళ్లో ఏమో. రేపు నలుగురు అడిగితె నేనేం చెప్పాలె? సరే, అయిందేదో అయింది. పెండ్లయినంక మానేస్త అని మాటియ్యి. ఖాయం చేసుకొని పోత."

గౌరవ్వకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "మానేస్తది వదినె, ఎందుకు మానది" అని తనే అందుకుంది.

"మాననవ్వ" అంది వినీత.

"చేతికొచ్చిన సంబంధం కాళ్లతోటి తన్నుకుంటవా? ఆళ్లు నీకేమైతరే?" అంది గౌరవ్వ.

"ఏం కారు."

"మరి?"

మంచం కిర్రుమంది. హనుమాండ్లు లేచి కూర్చున్నాడు.

"నాకేమైండ్రని ఆళ్లు?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన నేలచూపులు చూస్తూ చెప్పుకుపోయాడు.

"షార్జాల మా కంపెనీ మూతపడ్డది. సేటు మా పాస్‌పోర్టులతోటి పారిపోయిండు. మేముండే కాడ కరెంటు లేదు, నీళ్లు లెవ్వు. పది దినాలకు ఆడోళ్లు కొందరు బండేసుకొని వచ్చిండ్రు. ఏ దేశమోళ్లో తెల్వది, ఆళ్ల మాట తెల్వది. బియ్యం, పప్పు ఇచ్చిండ్రు. నాకు కాలు చీము పట్టి నడవరాకుంటె, ఒకామె కింద కూసొని కాలు ఒళ్లె పెట్టుకొని కడిగింది. అయిదు నెలలు ఆళ్ల తిండి తిని బతికిన. ఆమె పేరు సుత అడుగలే."

ఆ అయిదు నెలలు గౌరవ్వకు బాగా గుర్తు. పైసలు పంపలేదని, అక్కడెవత్తెనో మరిగాడని వాడకట్టంతా వినేలా తిట్టిపోసింది. రెండు నెలలు పంతం పట్టి ఫోన్ ఎత్తలేదు. ఎత్తిన రోజున ఆయన "మస్తుగున్న" అన్నాడు. ఆ మాటకు ఇంకా ఒళ్లు మండింది అప్పట్లో.

ఇప్పుడు ముందున్న చేటను పక్కకు నెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుని భూమక్క వైపు తిరిగింది.

"వదినె, నా బిడ్డ పని మానది. క్యాంపు ముచ్చట దాచింది నేను, పిల్ల కాదు. ఇష్టముంటె చేసుకోండ్రి, లేకుంటె లేదు."

భూమక్క మెల్లగా లేచింది. "చక్రధర్‌ను అడిగి చెప్త" అంది. గడప దాటబోయి ఆగి, హనుమాండ్లును అడిగింది. "కాలు ఇప్పుడు మంచిగనే ఉన్నదా అన్నా?"

"మంచిగనే ఉన్నదమ్మ."

సంబంధం నిలుస్తుందో లేదో ఎవరికి తెలుసు. గౌరవ్వ మాత్రం కూతురి బ్యాగు తనే అందుకుని ఆటో దాకా మోసింది. "జల్ది పో బిడ్డా, ఆమెను దవాఖానకు తోలుకపో" అంది. తిరిగొచ్చి మంచం పక్కన నేల మీద కూలబడింది.

"నాకెందుకు చెప్పకపోతివి?"

"చెప్తె నువ్వీడ అన్నం తినకపోదువు."

"రెండు నెలలు ఫోనెత్తకపోతిని గదా నేను."

"ఎత్తకున్నా మోగుతుండె గద" అన్నాడు హనుమాండ్లు. "ఎవ్వలదన్న ఫోను అడుక్కొని దినాం చేసేటోణ్ని. మనింట్ల మోగుతున్నదని ఆ సప్పుడే ఇంటుంటి."

గౌరవ్వ ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.