ఎవరూ తిట్టని పార్సిల్

ఉదయం పది గంటల పది నిమిషాలకు సుంకాల మదింపు అధికారి సగం తాగిన కాఫీ కప్పు పక్కన తల వాల్చేశాడు. గదిలో ఎవరూ కంగారు పడలేదు. కొత్త సుంకాలు వచ్చినప్పట్నుంచి ఆయన ఫైళ్ల మీద పడి కునుకు తీయడం మామూలే. పావుగంట తర్వాత సంతకం కోసం వచ్చిన గుమాస్తా భుజం తట్టి చూశాడు. ఉలుకూ పలుకూ లేదు. పెదవులు నీలంగా మారాయి. గుప్పిట్లో ఒక చీటీ నలిగి ఉంది.

పది నలభైకల్లా ఆ చీటీ గూఢచారి శాఖ చీఫ్ చేతికి చేరింది. పార్సిళ్ల గిడ్డంగి వెనక మెట్ల కింద, చీపుళ్లూ బకెట్లూ పెట్టే గదిలో తలుపు మూసి, ఎదురుగా నిలబడ్డ మనిషికి ఆయన దాన్ని చదివి వినిపించాడు.

"'తిరిగొచ్చిన వాటిలో ఒకటి. ఇవాళ పన్నెండుకి.' అంతే. నంబరు రాసేలోపే పోయాడు. కాఫీలో విషం."

ఎదుటి మనిషికి నకిలీ మీసం, సోడాబుడ్డి కళ్లద్దాలు, చొక్కా లోపల పొట్టకి కట్టుకున్న దూది దిండు. అడుగు చప్పుడు వినపడనివ్వడు కనుక డిపార్ట్‌మెంటులో అతన్ని పిల్లి అంటారు. మూడు వారాలుగా ఈ గిడ్డంగిలో హెల్ప్‌లైన్ గుమాస్తా వేషంలో ఉన్నాడు. విమానాల్లోంచి దూకినవాడు, రెండు దేశాల జైళ్లు చూసినవాడు. అయినా ఈ మూడు వారాల్లో తిన్నన్ని తిట్లు జన్మలో తినలేదు.

"పన్నెండుకి విదేశీ వాణిజ్య బృందం వస్తోంది కదా సార్?"

"అందుకే. జనం తిప్పి పంపిన పార్సిళ్ల గుట్టని కళ్లారా చూసి, కింద హాల్లో సుంకాలు తగ్గించే ఒప్పందం మీద సంతకం పెడతారు. దొంగరవాణా చేసే లంగరు ముఠాకి అది గొంతులో పచ్చి వెలక్కాయ. సుంకం ఎంత పెరిగితే దొంగసరుకుకి అంత గిరాకీ."

"బృందాన్ని ఆపేద్దాం."

"ఆపితే ఒప్పందం ఆగుతుంది. వాళ్లకి కావాల్సిందీ అదే. హాల్లో జనాన్ని నేను మెల్లగా బయటికి పంపిస్తాను. నువ్వు బోను సంగతి చూడు. ముఠాలో ఉన్న మన మనిషి నెమలి కూడా వస్తోంది, ఏదో కబురుందట."

పిల్లి మనసు 'తిరిగొచ్చిన వాటిలో' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. సముద్రం దాటి వచ్చే ప్రతి డబ్బానీ ఎక్స్‌రే తీస్తారు. అది గుమ్మం దాకా వెళ్లి, సుంకం కట్టం పొమ్మనిపించుకుని మళ్లీ గిడ్డంగికి వస్తే మాత్రం ఎవరూ తీయరు. ఒకసారి చూసిందే కదా అని. ఇంటి దగ్గర ఎవడో 'ఉండు, సుంకం చీటీ చదవాలి' అని డబ్బాని లోపలికి తీసుకెళ్లి, అచ్చం అలాంటిదే ఇంకో డబ్బా తెచ్చి 'వద్దు, పట్టుకుపో' అంటే చాలు. బాంబుని సర్కారు వ్యానే మోసుకొచ్చి సర్కారు గిడ్డంగిలో పెడుతుంది. ముఠావాళ్లకి ఆటోఖర్చు కూడా కాదు.

అలా తిరిగొచ్చిన డబ్బాలన్నీ పై అంతస్తులో ఇనుప వల కట్టిన గదిలో పడుంటాయి. దాన్నే అందరూ బోను అంటారు. ఇవాళ్టికి అక్కడ నాలుగువందల పన్నెండు డబ్బాలున్నాయి.

అందులో ఒకటి పిల్లి అక్కది.

ఈ ముక్క చీఫ్‌కి తెలియదు. చెబితే పిల్లిని ఆ క్షణమే ఈ పని నుంచి తప్పించేవాడు.

బావ ఊపిరితిత్తులు పాడయ్యాయి. రాత్రిళ్లు ఒక యంత్రం గాలి కొడితేనే నిద్ర. ఆ యంత్రం మోటారు అరిగిపోయింది, కొత్తది పరాయి దేశంలోనే దొరుకుతుంది. అక్క చిట్టీ ఎత్తి మరీ ఆర్డరు పెట్టింది. విదేశీ సరుకుకి రెండు రకాల షరతులుంటాయి. డీడీపీ అంటే అమ్మినవాడే సుంకం కట్టి పంపుతాడు, మనం తలుపు తీసి అందుకుంటే చాలు. డీఏపీ అంటే సరుకు గుమ్మం దాకా వస్తుంది, సుంకం మాత్రం కొన్నవాడి నెత్తిన. వెబ్‌సైటులో ఈ మూడక్షరాలూ చీమ తలకాయంత ఉంటాయి. జనం ధర చూస్తారు, బొమ్మ చూస్తారు. చీమని ఎవరు చూస్తారు? ఓడ నడిసముద్రంలో ఉండగా సుంకం మూడింతలైంది. డెలివరీ మనిషి గుమ్మంలో నిలబడి, మోటారు ధరలో సగం అడిగాడు.

అక్క వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడు ఫ్యాన్ల కంపెనీలో సేల్స్ చూస్తాడనే ఆమెకి తెలుసు. అయినా అన్నీ తెలిసినవాడని నమ్మకం.

"కట్టకు అక్కా. తిప్పి పంపెయ్. వైద్య పరికరాలకి సుంకం ఉండదు. వాళ్లే తప్పు దిద్దుకుని మళ్లీ తెచ్చిస్తారు," అన్నాడు దర్జాగా.

రూలు నిజమే. కాకపోతే మినహాయింపు అర్జీ సరుకు తిప్పి పంపకముందే పెట్టాలి. ఒకసారి 'వద్దు' అన్న డబ్బాకి ఇరవై ఒక్క రోజులే గడువు, ఆ తర్వాత కొలిమిలోకి పోతుంది. తను పనిచేసే చోటి రూలు సగమే తెలుసుకుని సలహా ఇచ్చాడు. ఆ ఇరవై ఒకటో రోజు ఇవాళే.

అక్కడితో అయిందా? ఆ ఇరవై రోజుల్లో అక్క హెల్ప్‌లైన్‌కి పదకొండుసార్లు ఫోన్ చేసింది. పదకొండుసార్లూ ఎత్తింది తమ్ముడే. గొంతు మార్చి, ముక్కుతో మాట్లాడుతూ విన్నాడు.

"మీకు అక్కచెల్లెళ్లు లేరా బాబూ? ఆయన కుర్చీలో కూర్చునే తెల్లవారుస్తున్నారు. పడుకుంటే ఊపిరాడట్లేదు," అంది ఒకరోజు. తర్వాత గొంతు తగ్గించి, "మా తమ్ముడి మాట విని తిప్పి పంపాను. వాడికి ఈ గోలంతా చెప్పలేదు. తెలిస్తే కుమిలిపోతాడు పిచ్చివెధవ," అంది.

ఆ రోజు పిల్లి ఫోన్ పెట్టేసి, కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. మూడు వారాలు అబద్ధం ఆడటం అతనికి కొత్త కాదు. సొంత అక్కతో ఆడటం కొత్త.

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నెమలి బోను దగ్గరికి వచ్చింది. ఆకుపచ్చ పట్టు చీర, నల్ల కళ్లజోడు, ఎత్తు మడమల చెప్పులు. దిగుమతిదారుల తరఫున కాగితాలు నడిపే క్లియరింగ్ ఏజెంట్. ముఠా ఆమెని తన మనిషి అనుకుంటుంది, డిపార్ట్‌మెంటు కూడా అలాగే అనుకుంటుంది. రెండు చోట్లా జీతం అందుతోంది కనుక ఆమె ఎవరి నమ్మకాన్నీ కాదనలేదు.

"నా పార్సిల్ ఎక్కడుంది?" కోడ్ మాట.

"దారిలోనే ఉంది మేడమ్."

"ఏ దారిలో?"

"మీరొచ్చిన దారిలోనే."

ఆమె గొంతు తగ్గించింది. "ఏడో వరుస. బూడిదరంగు డబ్బా. మూడువందల ఆరు. అందులో మోటారులా కనిపించేదే బాంబు. విప్పడానికి చూడకు, పేలుతుంది. దాన్ని తీసుకెళ్లి నీళ్లలో పడేయి. మిగతా వాటి జోలికి పోయి టైం పాడుచేసుకోకు."

డబ్బాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. మూడువందల ఆరు ఎవరిదో ఆమెకి తెలిసే వీల్లేదు. అతనికి మాత్రం నిద్రలో లేపి అడిగినా తెలుసు.

"ఎవరు చెప్పారు?"

"ముఠా వాళ్లే ప్యాక్ చేశారు. నా కళ్లతో చూశాను."

పిల్లి సరేనన్నట్టు తలూపి, బోను తలుపు తీసి, ముందు మీరు నడవండన్నట్టు చేయి చూపించాడు. ఆమె లోపల అడుగు పెట్టగానే తానూ వచ్చి తాళం వేశాడు. ఆమె చేయి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లేలోపు ఆ మణికట్టుని సంకెలతో ఇనుప వలకి బిగించాడు. బ్యాగులోంచి లిప్‌స్టిక్ అంత పిస్తోలు కింద పడింది.

"పిచ్చెక్కిందా నీకు?"

"మూడువందల ఆరుని తెప్పించుకున్నవాళ్లూ, తిప్పి పంపమన్నవాడూ ఇద్దరూ నాకు తెలుసు మేడమ్. మదింపు అధికారికి పొద్దున కాఫీ ఇచ్చింది మీరేనా?"

గోడ మీది గడియారం పదకొండు ముప్ఫై రెండు చూపిస్తోంది. దాన్ని చూసేసరికి ఆమె పౌడరు ముఖం మీద చెమట పట్టింది.

"నన్ను వదులు! బాంబు ఏ డబ్బాలో ఉందో నాకూ తెలీదు. ఎక్స్‌రేలో మోటారు బాంబులా కనిపిస్తుంది కదా, దాన్ని మీ చేతిలో పెట్టి మిగతావి వెతక్కుండా చేయమన్నారు. అంతే. ఒట్టు!"

ఆ ఒక్కసారీ ఆమె నిజమే చెప్పింది. పన్నెండుకి తను కూడా ఇక్కడే ఉంటానని ఆమె కలలో కూడా అనుకోలేదు.

కింద హాల్లోంచి చీఫ్ గొంతు మైకులో వినిపించింది. వెనక గేటు దగ్గర కొత్త టోకెన్లు ఇస్తున్నారు, అందరూ అటు రావాలి అని. జవాబుగా హాలంతా కేకలు లేచాయి. తెల్లవారుజామునుంచి వరుసలో నిలబడ్డాం, పార్సిల్ ఇవ్వందే కదిలేది లేదు అని. మూడువందల మందిలో ఒక్కరు కూడా స్థానం వదల్లేదు. ఆ వరుసలో అక్క ఉందని పిల్లికి తెలుసు. ఇవాళ ఆఖరి రోజు, రాక ఎక్కడికి పోతుంది?

ల్యాబువాళ్లు ఇచ్చిన పెన్ను జేబులోంచి తీశాడు. అది వింటుంది, కోస్తుంది, అవసరమైతే రాస్తుంది కూడా. ఒక డబ్బాకి ఆనించి విన్నాడు. కింది జనం అరుపులు తప్ప ఏమీ వినపడలేదు. ఒక్కొక్క డబ్బా విప్పాలంటే రెండు రోజులు పడుతుంది. ఉన్నది ఇరవై ఆరు నిమిషాలు.

డబ్బాల మీద గులాబీరంగు చీటీలు గాలికి రెపరెపలాడుతున్నాయి. కస్టమర్ ఫోన్ చేసినప్పుడల్లా గుమాస్తా ఒక చీటీ రాయాలి, దాన్ని ఆ డబ్బాకి అంటించాలి. ఎవరూ చదవకపోయినా ఆఫీసు పద్ధతి అది. అన్నీ పిల్లి చేతిరాతే. ఈ వంద నలభై చెవిటి మిషన్, తాతగారు భార్య చేత తిట్టించారు. ఆ ఇరవై రెండు కుట్టుమిషన్ సూదులు, టైలరు గంటసేపు ఏడ్చాడు. మూడువందల ఆరు మీద పదకొండు చీటీలు.

పిల్లి ఒక్కసారిగా నిటారుగా అయ్యాడు. రెండు నెలలు ఎదురుచూసి, డబ్బు కట్టి, సరుకు చేతికి రానివాడు ఊరుకోడు. తిడతాడు, బతిమాలతాడు, శాపనార్థాలు పెడతాడు. బాంబు పెట్టినవాడు ఎందుకు ఫోన్ చేస్తాడు?

చీటీ లేని డబ్బా కోసం పరుగెత్తాడు. మొదటి వరుస, రెండో వరుస, మూడో వరుస. చీటీ ఊడి పడిందేమోనని కింద కూడా చూశాడు. పదకొండు యాభై మూడుకి ఐదో వరుసలో ఒకటి దొరికింది. పదకొండు యాభై ఆరుకి పదో వరుసలో ఇంకొకటి.

రెండు! రెండిట్లో తప్పుది విప్పితే రెండోదానికి టైం మిగలదు. నెమలి ఏడుపు మొదలుపెట్టింది. పిల్లి రెండు డబ్బాల మీదా డెలివరీ మనిషి రాసిన కారణం చదివాడు. ఒకదాని మీద 'డబ్బు లేదు'. రెండోదాని మీద 'అవసరం లేదు'.

మొదటిది చూసి అతని మనసు చివుక్కుమంది. తిట్టడానికి ఫోన్‌లో డబ్బులు కూడా లేని మనిషెవరో. రెండోదాన్ని ముందుకి లాగాడు. అవసరం లేనివాడు అంత దూరం నుంచి ఎందుకు తెప్పించుకుంటాడు?

పైన కాఫీ మిషన్ బొమ్మ. లోపల తీగలు, గడియారం, పసుపు ముద్ద. యాభై సెకన్లు. పెన్ను మూత తిప్పి, ఒక తీగ కింద రెండో తీగ, దాని కింద సన్నటి మూడోది దాకా పోయాడు. మెట్ల మీద బృందం బూట్ల చప్పుడు వినిపిస్తోంది. ముక్కు మీంచి చెమట, నకిలీ మీసం రెండూ కలిసి డబ్బాలోకి జారాయి. మూడో తీగ తెగేసరికి గడియారంలో ఒక్క సెకను మిగిలింది.

పన్నెండు గంటలు కొట్టాయి. బృందం వచ్చి డబ్బాల గుట్టని చూసి 'అయ్యయ్యో' అనుకుని, కిందికి వెళ్లి సంతకాలు పెట్టింది. నెమలిని వెనక మెట్ల మీంచి దించారు.

"సెభాష్," అన్నాడు చీఫ్. "బోనుకి సీలు వేయండి. నాలుగువందల పన్నెండూ కేసు సాక్ష్యాలే. తీర్పు వచ్చేదాకా ఒక్కటీ కదలకూడదు."

"ఎన్నాళ్లు సార్?"

"మూడేళ్లు. నాలుగేళ్లు. మనకేం తొందర?"

చీఫ్ లక్క కరిగించడానికి అటు తిరిగాడు. పిల్లి పొట్ట మీది దూది దిండు తీసి ఏడో వరుసలో ఖాళీ అయిన చోట పెట్టాడు. బయటికి వచ్చేటప్పుడు అతని పొట్ట మునుపటికంటే కొంచెం చదరంగా ఉంది.

కౌంటరు దగ్గర అక్క చీటీ పట్టుకుని నిలబడి ఉంది. మూడు వారాల్లో మూడేళ్లు పెద్దదైనట్టు కనిపించింది. పిల్లి మీసం మళ్లీ అంటించుకుని, కళ్లద్దాలు పైకి తోసుకుని, ముక్కుతో పిలిచాడు.

"మూడువందల ఆరు. సంతకం పెట్టండమ్మా."

"సుంకం ఎంత కట్టాలి బాబూ?"

"ఏమీ లేదు. తప్పు సరిదిద్దారు."

ఆమె డబ్బాని రెండు చేతులా గుండెకి హత్తుకుంది. కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మా తమ్ముడు చెప్పినట్టే అయింది! వాడిని నమ్మకుండా ఇన్నాళ్లూ మనసులో తిట్టుకున్నాను. ఇకమీదట ఏదొచ్చినా వాడు చెప్పినట్టే చేస్తాను."

'వద్దక్కా' అనాలని నోటిదాకా వచ్చింది. గుమాస్తా కాబట్టి, "తర్వాత ఎవరమ్మా?" అన్నాడు.

ఆ రాత్రి బావ పడుకుని నిద్రపోయాడు. మర్నాడు బోనులో డబ్బాలు లెక్కపెడితే నాలుగువందల పదకొండు, ఒక దూది దిండు తేలాయి. చీఫ్ మండిపడ్డాడు. ఆ దొంగని పట్టుకునే పనిని తన దగ్గరున్న వాళ్లలో అందరికంటే చురుకైన ఏజెంటుకే అప్పగించాడు. పిల్లి ఇంతవరకూ ఏ కేసులోనూ ఇంత మెల్లగా పనిచేయలేదు.