పరమేశ్వర్ గారింట్లో ఫ్రెంచి

ఆరున్నర కల్లా పరమేశ్వర్ పేపరు మడిచి పక్కన పడేశాడు. పేపర్లో ఉన్నవాళ్లందరినీ తిట్టడం అప్పటికే అయిపోయింది. ఇక మిగిలింది ఇంట్లోవాళ్లు. కూతురికి పెళ్లయి నిజామాబాద్ వెళ్లిపోయాక ఇంట్లో ఉన్నది భార్య ఒక్కతే కాబట్టి, ఆ వంతు మొత్తం భాగ్యలక్ష్మికే దక్కేది.

వంటింట్లో ఆమె జొన్నరొట్టె తడుతోంది. పొయ్యి పక్కన ఫోను గోడకు ఆనించి ఉంది. అందులోంచి ఒక ఆడగొంతు ఏదో అడుగుతుంటే ఈమె పిండిచేతులతోనే జవాబు చెబుతోంది.

"బోఁజూర్! సా వా?" అని ఫ్రెంచిలో క్షేమం అడిగింది ఫోను.

"సా వా బ్యాఁ, మెర్సీ," అంది భాగ్యలక్ష్మి, రొట్టె తిరగేస్తూ.

"ఇగో, షురూ అయ్యింది," అన్నాడు పరమేశ్వర్ హాల్లోంచి. "యాభై ఆరేండ్లకు దొరసాని తయారైతున్నది. ఏమే, గా రొట్టెకు గూడ ఫ్రెంచిల చెప్పినవా, మాడొద్దని?"

ఆమె ఫోను గొంతు తగ్గించింది. రొట్టె మాత్రం మాడలేదు.

పరమేశ్వర్ ముప్పై ఒక్క ఏళ్లు చెరుకు ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మన్‌గా పనిచేశాడు. ఎడపల్లి చుట్టుపక్కల చేలల్లో తిరిగి, గడ విరిచి, ఒక్క ముక్క కొరికి, తుప్పున ఉమ్మి, "కోతకొచ్చింది" అనో "ఇంక రాలె" అనో తేల్చేవాడు. ఆయన నోటి మాట కోసం రైతులు గట్ల మీద తువ్వాలలు భుజాన వేసుకుని నిలబడేవాళ్లు. రిటైరై నాలుగేళ్లయింది. చెరుకు పోయింది గాని, కొరికి ఉమ్మే అలవాటు పోలేదు. ఇప్పుడు మనుషుల మీద పడ్డాడు. ఎదురింటి పిల్లవాడు దేనికీ పనికిరాడు. అల్లుడు సగం పచ్చి. భార్య సంగతి ముప్పై నాలుగేళ్ల కిందటే తేల్చేశాడు: మనిషి మంచిదే, బుర్ర లేదు. ఆ తీర్పును మళ్లీ ఒకసారి తిరగేసి చూద్దామని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

ఈ ఫ్రెంచి పిచ్చి మొదలై మూడు నెలలు. రెండు వీధుల అవతల ఉండే యేసమ్మ కూతురు ఆశ, పాండిచ్చేరిలో పన్నెండేళ్లు బడిలో ఫ్రెంచి చెప్పి, తల్లికి ఒంట్లో బాగుండడం లేదని బోధన్ వచ్చేసింది. ఊరికే కూర్చోలేక ముందుగదిలో మంగళ, గురు, శనివారాల్లో సాయంత్రం పూట క్లాసు పెట్టింది. పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు. తీరిక ఉన్నవాళ్లు రావచ్చు, మనసు పుట్టకపోతే మానేయొచ్చు. యేసమ్మను పలకరించడానికి వెళ్లిన భాగ్యలక్ష్మి ఒకరోజు మూలన కూర్చుని విన్నది. మరుసటి క్లాసుకు మూలలోంచి లేచి ముందుకు వచ్చి కూర్చుంది.

"ఎవలన్న ఫ్రాన్సుకు పోతున్నరా మనింట్ల?" అని నిలదీశాడు పరమేశ్వర్.

"లేదు."

"నౌకరీ ఇస్తరా నీకు?"

"నాకెవరిస్తరు?"

"మరి ఎందుకే?"

"ఊకెనే. మంచిగనిపిస్తది."

ఊకెనే! జీవితంలో ఏ పనీ ఊకెనే చేయని మనిషికి ఆ మాట బూతులాగా వినిపించింది.

ఒకరోజు కూరగాయల సంచితో వస్తూ ఆశ ఇంటి కిటికీలోంచి తొంగి చూశాడు కూడా. లోపల ఆరుగురున్నారు. టైలర్ హన్మండ్లు, ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ, డిగ్రీ చదివే పిల్లలు ముగ్గురు, వీళ్ల నడుమ తన భార్య. హన్మండ్లు ఏదో అడిగాడు. భాగ్యలక్ష్మి కళ్లు పైకెత్తి, చేతులు తిప్పి, తడుముకుని తడుముకుని ఏదో చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"రండి అంకుల్," అంది ఆశ కిటికీ దగ్గరికి వచ్చి. "పెద్ద చదువేం కాదు. ఎట్లున్నవ్, ఏం తిన్నవ్, వాన పడ్డదా, గివే మాటలు."

ఆ ముక్క పట్టుకుని పరమేశ్వర్ నాలుగు రోజులు బజారంతా ఊరేగాడు. "తిన్నవా అని అడగనీకి ఫ్రాన్సు దాంక పోవాల్నట! దర్జీ గాడు అడుగుతడట, మా ఇంటామె చెప్తదట!" అని చాయ్ హోటల్లో చెప్పి, మందుల దుకాణంలో చెప్పి, చివరికి క్షవరం చేయించుకుంటూ కత్తి గొంతు మీద ఉన్నా ఆగకుండా చెప్పాడు. విన్నవాళ్లు నవ్వారు. అది తన తెలివికి దక్కిన మెప్పని మురిసిపోయాడు.

శనివారం నాడు మాత్రం ఆ నవ్వు ఇంకిపోయింది. మధ్యాహ్నం కునుకు తీసి నాలుగింటికి లేచేసరికి బల్ల మీద ఫ్లాస్కు ఉంది, పక్కనే బోర్లించిన కప్పు ఉంది, కప్పు కింద చీటీ ఉంది. 'చాయ్ ఫ్లాస్కుల ఉన్నది. ఇయ్యాల క్లాసు ముందుగాల పెట్టిన్రు. ఐదింటికి వస్త.' పెళ్లయిన నాటి నుంచి నాలుగింటికి చాయ్ చేతికి రావడమే గాని, చెయ్యి చాయ్ దగ్గరికి పోవడం ఆ ఇంట్లో ఎరగరు. ఆయన తాగలేదు. గంటసేపు ఫ్లాస్కు ఎదురుగా, కోపం చల్లారిపోకుండా కాపలా కాస్తూ కూర్చున్నాడు.

"ఇది ఇల్లా, బస్టాండుల హోటలా?" అన్నాడు ఆమె గడప తొక్కగానే. అని ఊరుకోలేదు. ఎడపల్లిలో ఉన్న చెల్లెలు శైలజకు, నిజామాబాద్‌లో ఉన్న కూతురు నిరోషకు ఫోన్లు చేశాడు. "రేపు ఆయితారం రండ్రి. ఆమె తల తిరిగిపోయింది. నలుగురం కూసోని కిందికి దించాలె."

ఆదివారం కోడికూర వండింది భాగ్యలక్ష్మి. తనను దిద్దడానికి వచ్చినవాళ్లకు తనే కొసరి కొసరి వడ్డించింది. పరమేశ్వర్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. చేతులు కడుక్కున్నాక హాల్లో అందరూ కూర్చున్నారు.

"వదినె, నేను చెప్తే ఏమనుకోవద్దు," అని మొదలుపెట్టింది శైలజ. "గీ వయసుల గీ సోకులేంది? భజనకు పోరాదు? మా ఊర్ల నన్నడుగుతున్నరు, మీ వదినెకు ఏమైందని."

"ఏమైందని చెప్పినవ్?" అంది భాగ్యలక్ష్మి.

శైలజ అన్న వైపు చూసింది.

"ఇంత లొల్లి ఎందుకు?" అన్నాడు పరమేశ్వర్, కాలు మీద కాలు వేసుకుని. "రేపటి సంది బంద్. అయిపోయింది."

"నేను బంద్ చెయ్య," అంది భాగ్యలక్ష్మి.

గొంతు పెంచలేదు. కంచాలు తీస్తాను అన్నంత మామూలుగా అంది. ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆ ఇంట్లో ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు. పరమేశ్వర్‌కు కోపం వచ్చి ఉంటే సంగతి అక్కడితో తెగిపోయేది. ఆయనకు నవ్వు వచ్చింది. భార్య మీద కోపం తెచ్చుకోవడం కూడా ఆమెను లెక్కలోకి తీసుకోవడమే అవుతుందని ఆయన ఉద్దేశం.

"మంచిది. మూడు నెలలు నేర్చినవ్ గద, మాకు గూడ వినిపియ్యి," అన్నాడు. "నిరోషా, నీ ఫోన్ల ఏ భాషనన్న తెలుగు చేసి చెప్పేది ఉంటది గద, పెట్టు. ఫోనుకు సమజైతే ఇగ నేను అడ్డం రాను, పోనియ్యి. సమజ్ కాకుంటే బంద్. సూడు, ఫోను గూడ చేతులెత్తేస్తది."

"బాపూ, ఎందుకు అమ్మను గిట్ల..." అంది నిరోష.

"పెట్టు బిడ్డా," అంది తల్లి.

కొంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది. "గీ వారం ఇంట్ల ఒకరి గురించి చెప్పుమన్నది ఆశ. గదే చెప్త," అంది. ఒకసారి గొంతు సవరించుకుంది.

"మోఁ మరి సపెల్ పరమేశ్వర్."

"అయ్యో వదినె! అన్న పేరు!" శైలజ నోటి మీద చెయ్యి వేసుకుంది.

క్లాసుకు పోయేదాకా ఆ పేరు భాగ్యలక్ష్మి పలికి ఎరగదు. బ్యాంకులో అడిగితే కార్డు చూపించేది. ఆస్పత్రిలో అడిగితే పక్కనున్నవాళ్ల చేత చెప్పించేది. ఆశ క్లాసులో మొదటి రెండు వారాలు "నా భర్త పేరు నిరోష వాళ్ల బాపు" అనే నెట్టుకొచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కాబట్టి.

"సూసిండ్రా! ఫ్రెంచి నేరిస్తే సిగ్గు గూడ పోతదట!" పరమేశ్వర్ తొడ మీద చరుచుకుని పకపకా నవ్వాడు.

ఆమె ఆగలేదు. చిన్న చిన్న మాటలు. ఒకచోట తప్పు పోయి వెనక్కి వచ్చి దిద్దుకుంది. రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకుంటూ, ఎదుటి గోడకు చెబుతున్నట్టు చెప్పింది. చెప్పడం అయిపోయాక ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. నిరోష ఫోను మీద వేలు నొక్కింది. ఏ భావమూ లేని ఒక గొంతు హాల్లో మాట్లాడింది.

"నా భర్త పేరు పరమేశ్వర్. ఆయన వయసు అరవై రెండు సంవత్సరాలు. ఆయనకు చెరుకు బాగా తెలుసు. ఆయనకు ఊరిలో అందరూ తెలుసు. ఆయన ఉదయం పేపరు చదువుతారు. ఆయన టీవీతో మాట్లాడతారు. ఆయన నాతో మాట్లాడరు. నేను మాట్లాడితే ఆయన నవ్వుతారు. నాకు మాట్లాడటం ఇష్టం."

పరమేశ్వర్ మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని ఏం చేయాలో ఆయనకు తెలియలేదు.

"గీ ఫోను తప్పు చెప్తున్నది," అన్నాడు చివరికి.

"ఫోను తప్పు చెప్పలె బాపూ," అంది నిరోష. కళ్లు తుడుచుకుంటోంది.

దిద్దడానికి వచ్చిన శైలజ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమెకూ ఎడపల్లిలో ఒక మొగుడు ఉన్నాడు.

"నేను మాట్లాడనా?" పరమేశ్వర్ గొంతు లేచింది. "పొద్దందాక మాట్లాడుతనే ఉంట గద! ఏమే, మాట్లాడనా నేను?"

"మాట్లాడుతరు," అంది భాగ్యలక్ష్మి. "ఉప్పు తక్కువైందంటరు. తాళంచెవి ఏదంటరు. దొరసాని అంటరు. గవి నాతోని మాట్లాడుడా? ఆశ ఇంట్ల హన్మండ్లు అడుగుతడు, ఎట్లున్నవక్కా, ఏం తిన్నవ్, మీ వాడకట్టుల వాన పడ్డదా అని. అడిగి ఆగుతడు. నాకు మాట దొరకదు. తడుముకుంట. ఒక్కలు గూడ నవ్వరు. ఆరుగురు నోరు మూసుకొని, నేను చెప్పేదాంక నా మొఖం దిక్కే సూస్తరు. గీ ఇంటికొచ్చినంక నా మాట కోసం ఎవరన్న గట్ల ఆగిన్రా? గందుకు పోతున్న. ఫ్రెంచి రాకున్న సరే నేను పోత."

లేచి కంచాలు తీయడానికి వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు. శైలజ వదిన వెనకాలే వెళ్లి గిన్నెలు అందుకుంది. సాయంత్రం బస్సెక్కే ముందు నిరోష తండ్రితో ఒక్కటే అంది. "నేను ఫోన్ చేసినప్పుడు నాతోని గంట మాట్లాడుతవ్ బాపూ. అమ్మ పక్కనే ఉంటది. ఒక్కసారన్న ఆమెను అడిగినవా?"

సోమవారం పొద్దున పరమేశ్వర్ పేపరు తెరిచాడు గాని, ఎవరినీ తిట్టలేకపోయాడు. అక్షరాల మీద కళ్లున్నాయి, బుర్ర ఎక్కడో తిరుగుతోంది. భార్యను తను చివరిసారి ఏమడిగాడో గుర్తు తెచ్చుకోబోయాడు. అన్నీ దొరికాయి. చాయ్ ఏది, తువ్వాల ఏది, ఇంత సేపు ఏం చేస్తున్నవ్, నీకు బుర్ర ఉన్నదా. ఎన్ని తవ్వినా అవే వచ్చాయి. ఒక్క ప్రశ్నకు కూడా ఆమె జవాబు కావాలని అడిగింది లేదు. అరవై రెండేళ్ల మనిషి, ఊళ్లో ఎవరేమిటో చూపుతోనే తేల్చేసే మనిషి, తన ఇంట్లో మనిషికి ఏది ఇష్టమో ఫోను చెబితే తెలుసుకున్నాడు. ఆ ఫోను పెట్టించింది కూడా తనే. ఈ బతుకుకు ఎదుటివాళ్లను చూసి నవ్వడం ఒకటి! తన మీద తనకే ఉమ్మేయాలనిపించింది.

లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. నోరు తెరిస్తే అలవాటైన మాటే వచ్చేటట్టుంది. దాన్ని మింగాడు.

"ఎట్లున్నవ్?" అన్నాడు.

భాగ్యలక్ష్మి తల తిప్పి చూసింది. ఆ మాట వెనకాల రావలసిన వెక్కిరింపు కోసం కాసేపు ఎదురుచూసింది. అది రాలేదు. ఆయన అక్కడే, తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మడిమె నొస్తున్నది," అంది.

"ఏ మడిమె?"

"ఎడమది."

"ఎప్పటి సంది?"

"రెండేండ్లయ్యింది."

రెండేళ్లు. ఆ మడమ మీదే నిలబడి ఈ రెండేళ్లు తనకు రొట్టెలు చేసింది. తను హాల్లో కూర్చుని మాడొద్దని చెప్పినవా అని కూశాడు. పరమేశ్వర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంటే ఆమె చూస్తుందని తుడుచుకోలేదు. మూలనున్న పీట ఆమెకు జరిపి, పొయ్యి ఆపేసి, తను ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"కూసో. ఇంకేమేం ఉన్నయో చెప్పు," అన్నాడు.

ఆమె కూర్చుంది. నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. మొదలుపెట్టడానికి ఆమెకు మాట దొరకలేదు.

ఆయన ఆగాడు.