నల్లగుడ్డ కింద ఇసుక

చెయ్యి తిరిగిందని సీనియర్ మెచ్చుకున్న రోజే, హ్యేరిన్ లక్ష ఏళ్లకు పైబడిన చరిత్రను తుడిచేసింది. చేసిందల్లా చీకటిగదిలో జేబులోంచి ఫోను తీయడమే.

ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో తేల్చే ప్రయోగశాల అది. మసక ఎర్రదీపం తప్ప ఏ వెలుతురు సోకినా రేణువు అంతా మరిచిపోతుంది. ఆ ఇసుక సీనియర్ దోగ్యోమ్‌ది. తూర్పుతీరం కొండ నుంచి తెచ్చింది ఆ ఒక్క గొట్టమే. ఆకులు రాలేలోగా దాని వయసు తేలకపోతే అతని పరిశోధక వేతనం ఆగిపోతుంది.

అతను అరవలేదు. అదే ఆమెకు మరీ కష్టమైంది.

"కనీసం తిట్టండి, సీనియర్."

"తిడితే ఇసుక మళ్లీ పాతబడుతుందా?"

జూనియర్ తప్పు సీనియర్‌ది కూడా. ఇది ప్రొఫెసర్ ప్యో మేడమ్ ల్యాబు ఆచారం. అందుకే ఇద్దరికీ కలిపే అక్షింతలు వేసి, పోగొట్టినవాళ్లే తెచ్చుకోండని తన ప్రాజెక్టు ఖర్చుమీదే కొండకు పంపారు.

వానాకాలపు సన్నని జల్లు. కొండ చరియకు ఆనుకుని, మందపాటి నల్లగుడ్డ కింద ఇద్దరూ దూరారు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. అతను ఇనుప గొట్టం పట్టుకుంటే ఆమె సుత్తితో కొట్టాలి. అతని వేళ్లు తప్ప ఇంకేదైనా సరే.

"ఇది చివరిసారి ఎండ చూసినప్పుడు ఇక్కడ ఎవరున్నారు?" అని అడిగింది.

"మన ఊళ్లు లేవు, మన భాష లేదు. ఇది సముద్రపు ఒడ్డు. ఒక అల వచ్చి దీన్ని కప్పేసింది. ఆ తర్వాత దీని దగ్గరికి వచ్చింది మనమే."

ఆమె చెయ్యి ఆగిపోయింది. అరచెయ్యి ఇసుకగోడకు ఆనించింది. చల్లగా, తడిగా ఉంది. ఆ ఎండ మరుగైన నాటినుంచి గడిచిన కాలమంతా ఇంకా లోపలే ఉందన్న ఊహకు ఒళ్లు జలదరించింది. దిగువన అదే సముద్రం, ఏమీ ఎరగనట్టు హోరుమంటోంది.

"భయమేస్తోందా?"

"లేదు. తల వంచాలనిపిస్తోంది."

అతను గొట్టాన్ని కాస్త సరిచేసి పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఆ ఇసుక పోయినందుకు కాదు. నువ్వు ల్యాబు మానేస్తావేమోనని నిద్ర పట్టలేదు."

"మానను," అంది. సుత్తి కిందపెట్టి అతని చెయ్యి వెతికి పట్టుకుంది. పని ఆలస్యమైంది.

ఆకులు ఎర్రబడే వేళకు వయసు తేలింది. లక్షా ఇరవైవేల ఏళ్లు, కొన్ని వేలు అటూఇటూ. మేడమ్ చాలాసేపు ఆ అంకెను చూస్తూ ఉండిపోయారు. వేతనం కొనసాగుతుందని చెప్పి, కళ్లద్దాల మీదుగా ఇద్దరినీ చూశారు.

"మరి మీ సంగతి ఎప్పటిది?"

"వసంతం నుంచి," అన్నాడు దోగ్యోమ్.

"కొండ దగ్గర," అంది హ్యేరిన్ అదే క్షణంలో. అని, చటుక్కున అతని వైపు తిరిగింది.

"తేడా చాలా ఉంది," అన్నారు మేడమ్. "బయటికెళ్లి ఇద్దరూ కూర్చుని మళ్లీ లెక్క చూసుకోండి. తొందరేం లేదు."