కత్తిరించిన నడక

రేపల్లెలో మా హాల్లో మ్యాటినీ రెండున్నరకి మొదలై అయిదున్నరకల్లా వదిలెయ్యాలి. కృష్ణ అవతలి ఊళ్ల నుంచి వచ్చే జనం సినిమా అవగానే జట్కాలెక్కి పెనుమూడి రేవుకి పోవాలి, చీకటి పడకముందే ఆఖరి పడవ అందుకోవాలి. పావుగంట ఆలస్యమైతే చాలు, క్లైమాక్సు మధ్యలోనే లేచి పోతారు. మర్నాడు వాళ్ల ఊళ్లో ఒక్కడు కూడా మా హాలు వైపు చూడడు. అందుకని నిడివి ఎక్కువైన సినిమా వస్తే ఆపరేటరే బ్లేడు పట్టుకుని అక్కడా ఇక్కడా కోసి తగ్గించేవాడు. ఆ ఆపరేటర్ని నేనే. నా పేరు పౌలు.

1986 నవంబరులో మాకో సస్పెన్సు సినిమా వచ్చింది. పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక ఆడమనిషి, ఆమె కోసం వచ్చే ముసుగు మనిషి. కథ ఇంతే. మా ప్రొప్రయిటరు బసవేశ్వరరావుగారు మొదటి ఆట చూసి, నేను ప్రొజెక్టర్లు నడిపే బూత్ లోకి వచ్చారు.

"పది నిమిషాలు ఎక్కువుందయ్యా. ఏం చేస్తావో చెయ్యి. పాటల జోలికి మాత్రం వెళ్లకు, కుర్చీలు విరగ్గొడతారు."

పాటలు కొయ్యకూడదు. ఫైట్లు అసలే కొయ్యకూడదు. ఇంక మిగిలినవేంటి? రోజుకి మూడాటలు చూసేవాణ్ని కదా, ఆ సినిమా నన్ను ఎలా భయపెడుతోందో నాకు మెల్లగా అర్థమైంది. ఇంటికెళ్లి అన్నం తింటూ మా ఆవిడ రిబ్కాకి చెప్పాను.

"హీరోయిన్ని తెరకి ఓ పక్కకి నెట్టేసి మిగతాదంతా ఖాళీగా వదిలాడనుకో, ఆ ఖాళీలోకి ఏదో రాబోతోందన్నమాట. ఆమెని వెనకనించి, పైనించి చూపించాడనుకో, ఎవరో కనిపెట్టి చూస్తున్నారన్నమాట. ఆ తర్వాత పొడుగాటి వసారా చూపిస్తాడు. ఎవరూ ఉండరు. చివర తలుపు. అలాగే ఉంచుతాడు. మనకి ఊపిరాడదు."

"లేనిదాన్ని చూసి భయపడటానికి మూడు రూపాయలా?" అని నవ్వింది రిబ్కా. ఆమె మిషన్ బళ్లో టీచరు. నా సినిమా కబుర్లన్నీ ఆమెకి వేళాకోళమే.

నవ్వింది గానీ, చెయ్యి పొట్టమీదే ఉంది. మా పెళ్లై ఎనిమిదేళ్లు. రెండుసార్లు మూడో నెల్లోనే పోయింది. ఈసారి అయిదో నెల నడుస్తోంది. ఇంకా కదలిక తెలియలేదు. ఆ సంగతి మేమిద్దరం పైకి అనుకునేవాళ్లం కాదు. ప్రతి ఆదివారం గుళ్లో ఇద్దరం ఒకటే ప్రార్థన చేస్తున్నామని మాత్రం ఇద్దరికీ తెలుసు.

ఆ మర్నాడు పొద్దున్నే నేను ఖాళీ ముక్కలన్నీ కోసేశాను. వసారా చివర ముసుగు మనిషి కనబడేది ఉంచాను. అక్కణ్నుంచి హీరోయిన్ వైపు నెమ్మదిగా నడిచివచ్చే ముక్కలు తీసేశాను. ఏం జరుగుతుంది వాటిల్లో? నడక. అంతేగా. అంచులు గీకి, ఫిలిం అతికించే సిమెంటు పూసి, అతికించి ఆట వేశాను.

ఇప్పుడు ముసుగు మనిషి తలుపు దగ్గర ఉన్నాడు. మరుక్షణం వసారా మధ్యలో ఉన్నాడు. మరుక్షణం ఆమె వెనకాల ఉన్నాడు. నడవలేదు. హాలు హాలంతా కెవ్వుమంది. బసవేశ్వరరావుగారు బూత్ లోకి వచ్చి నా భుజం తట్టి, "భలే కోశావయ్యా, తీసినవాడికి కూడా తట్టలేదు" అన్నారు. నాకు గర్వమనిపించింది. అబద్ధమెందుకు, ఆ వారమంతా గర్వంగానే తిరిగాను.

గురువారం నాడు రిబ్కా పొద్దున్న బండికి తెనాలి వెళ్లింది, డాక్టరమ్మకి చూపించుకోవడానికి. మధ్యాహ్నం బండికి తిరిగొచ్చి నేరుగా హాలుకే వచ్చింది, ఆటయ్యాక నాతో కలిసి ఇంటికి పోవచ్చని. మెట్ల కింద నిలబడి, "కదలిక ఇంకా లేదేంటమ్మా అని అడిగారండీ ఆవిడ. ఇంకో వారం చూద్దామన్నారు" అంది. గేటు దగ్గర టిక్కెట్లు చింపే రంగమ్మతో చెప్పి ఆమెని కుర్చీల తరగతిలో కూర్చోబెట్టించాను.

ఆ రోజు జనం పల్చగా ఉన్నారు. అందరూ ముందున్న బెంచీల్లోనే. కుర్చీల్లో రిబ్కా ఒక్కతే, మధ్య వరసలో. బూత్ లో రెండు చిన్న కిటికీలుంటాయి. ఒకదాంట్లోంచి వెలుతురు పోతుంది. రెండోదాంట్లోంచి నేను తెర చూస్తాను. ఆ రోజు తెర చూడలేదు, ఆమెనే చూశాను. మెషిన్ దీపంలో కాలుతున్న కార్బన్ కడ్డీల వాసన, మెషిన్ల గరగర. వాకిలి పరదా సందులోంచి సన్నగా ఎండ. కింద చీకట్లో ఆమె తల, చుట్టూ ఖాళీ కుర్చీలు.

అప్పుడు తట్టింది. నేనామెని వెనకనించి, పైనించి చూస్తున్నాను.

ఛ, అనుకున్నాను. వెలుతురు తగ్గకుండా కార్బన్ కడ్డీలు దగ్గరికి జరిపి మళ్లీ కిటికీలోంచి చూశాను.

కుర్చీల ఆఖరి వరసలో ఎవరో ఉన్నారు. తలమీదుగా దుప్పటి కప్పుకుని, కొంచెం వంగి. ఎవరో ముసలావిడ ఆలస్యంగా వచ్చింది కాబోలు అనుకున్నాను. మధ్యాహ్నం పూట, ఆ ఉక్కలో దుప్పటెందుకో... అనుకున్నాను కూడా.

రీలు చివరికొచ్చింది. మెషిన్ మార్చమని తెర కుడి మూలన చుక్క పడింది. రెండో మెషిన్ అందుకున్నాను. మళ్లీ చూశాను.

ముసలావిడ మూడు వరసలు ముందుంది.

మా హాల్లో కుర్చీలు ఇనపవి. ఎవరు లేచినా సీటు టప్పుమని కొట్టుకుంటుంది. నాకు ఏ చప్పుడూ వినబడలేదు.

కళ్లార్పకుండా చూశాను. కదల్లేదు. నేను చూస్తున్నంతసేపూ కదల్లేదు. కళ్లలో నీళ్లు వచ్చాయి. కార్బన్ మసకబారి తెర ఎర్రబడింది, ముందు బెంచీలవాళ్లు ఈలలు వేశారు. ఒక్క క్షణం... కడ్డీ జరిపి తిరిగాను.

ఇంకో రెండు వరసలు.

"రిబ్కా" అన్నాను. కిటికీలోంచి నా గొంతు నాకే వినబడలేదు. ఆమె తెరవంకే చూస్తోంది. తెరమీద వసారా. తలుపు దగ్గర ముసుగు మనిషి. మధ్యలో...

పరిగెత్తాలనుకున్నాను. మెట్లు దిగి హాలు చుట్టూ తిరిగి వెళ్లాలి. వెళ్లేదాకా నా కళ్లు దానిమీద ఉండవు. అదే నా భయం. చూస్తూ ఉంటే ఆగుతుంది. ఎంతసేపు చూడగలను?

మళ్లీ చుక్క పడింది. అలవాటు పడిన చెయ్యి, నేను వద్దనుకుంటున్నా మెషిన్ మీదికి పోయింది.

తిరిగి చూసేసరికి అది ఆమె వెనక కుర్చీలో ఉంది. ముందుకి వంగి ఉంది. దుప్పటి అంచు ఆమె భుజానికి తగులుతోంది.

మెషిన్ ఆపేశాను. చీకటి... అరుపులు... లైటు వేసి మెట్లమీద పడుతూ లేస్తూ పరిగెత్తాను.

కుర్చీల తరగతిలో రిబ్కా ఒక్కతే ఉంది. వెనక కుర్చీ ఖాళీ. సీటు పైకి ముడుచుకునే ఉంది.

"ముసలావిడ ఎటుపోయింది?" అనడిగాను రంగమ్మని.

"ఏ ముసలావిడ బాబూ? కుర్చీల్లో మీ ఆవిడొక్కతే కదా. టిక్కెట్లు చింపేది నేనేగా!"

రిబ్కా నా చెయ్యి పట్టుకుంది. రెండు కళ్లనిండా నీళ్లు. గుసగుసగా అంది.

"ఏవండీ... కదిలిందండీ. ఇప్పుడే. లైటు రాకముందు."

అంతమంది చూస్తుండగా ఏడ్చేశాను. సంతోషంతోనే. అది సంతోషమేనని నాకు నేను చెప్పుకున్నాను. బసవేశ్వరరావుగారు అంత తిట్టినా ఒక్క మాట చెవికెక్కలేదు. మర్నాడు పొద్దున్నే కోసిన ముక్కలన్నీ వెతికి ఎక్కడివక్కడ అతికించాను. ముసుగు మనిషి మళ్లీ నడిచాడు. పడవ వేళకి జనం మధ్యలోనే లేచిపోయారు, సినిమా వారానికే ఎత్తేశారు. నాకేం బాధనిపించలేదు.

మార్చిలో తెనాలి ఆస్పత్రిలో అమ్మాయి పుట్టింది. సారా అని పేరు పెట్టుకున్నాం. పచ్చగా, బొద్దుగా ఉంటుంది. ఏడవదు. పాప నిద్రపోతుంటే రిబ్కా మంచం పక్కనే కూర్చుని చూస్తూ ఉండిపోతుంది, మళ్లీ ఎక్కడ పోతుందోనన్నట్టు. ఇంట్లో ఇంత వెలుగు ఎనిమిదేళ్లలో చూడలేదు.

ఇప్పుడు సారాకి పది నెలలు. చాపమీద కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్లొస్తే గడప దగ్గరుంటుంది. "ఎప్పుడు పాకిందండీ ఇంత దూరం!" అని రిబ్కా మురిసిపోతుంది. పక్కింటివాళ్లూ మురిసిపోతారు. పాకుతుండగా చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. నేను అందర్నీ అడిగాను. మోకాళ్లు చూశాను. మట్టి అంటలేదు.

నిన్న మధ్యాహ్నం రిబ్కా బడికి వెళ్లింది. మేమిద్దరమే ఉన్నాం. నేను మంచం మీద, సారా ఆ గోడవారగా చాపమీద. మా మధ్య గదంతా ఖాళీ. నావంకే చూస్తోంది. నేనూ చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. వీధిలో ఎవరో కుండలు దించుతున్నారు. కళ్లు మండాయి. ఆర్పాను.

నా కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. రెండు చేతులూ పైకి చాచింది, ఎత్తుకోమని.

ఎత్తుకున్నాను. ఎత్తుకోకుండా ఎలా ఉంటాను? నా కూతురు. మెడచుట్టూ చేతులేసి భుజంమీద తల పెట్టుకుంది. నిమురుతూ నిమురుతూ పాదాలు అరచేతిలోకి తీసుకున్నాను. గరుగ్గా తగిలాయి. తిప్పి చూశాను.

ఇంతవరకూ నేలమీద ఒక్క అడుగు వెయ్యని పిల్ల... మడమలు రెండూ ముసలివాళ్ల మడమల్లా పగిలి ఉన్నాయి. ఆ పగుళ్లనిండా ఎర్రమట్టి.