పసుపు మూల

ఐర్లండ్‌లోని మెయ్‌నూత్‌లో ఆ శనివారం పొద్దున్నుంచే వాన. గిరిజాకుమారి తువ్వాళ్ళ కోసం హాట్ ప్రెస్ తలుపు తీసింది. వేడినీళ్ళ ట్యాంకు పక్కన బట్టలు వెచ్చగా ఉంచుకునే అలమార అది. పై అరలో, దుప్పట్ల అడుగున దాచిన పొందూరు పంచెల చాపు కనిపించలేదు. దుప్పట్లన్నీ నేల మీద లాగి పడేసినా దొరకలేదు.

కూతురి పెళ్ళిలో కన్యాదానానికి కట్టుకుంటానని ముచ్చటపడి ఆమె భర్త కేశవరావు తెచ్చుకున్నది. మూలల్లో పసుపు పెట్టింది గిరిజే. పెళ్ళి మాటే ఇంకా రాలేదు, కిందటి చలికాలం గుండె ఆగి ఆయన వెళ్ళిపోయాడు. గిరిజ ఆ రోజు కూడా ఏడవలేదు. గట్టి మనిషని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికి ఏముందో మరి!

కూతురి గదిలో, కిటికీకి తెల్లటి గౌను వేలాడుతోంది. రొమ్ముల కిందే నడుము, బుట్ట చేతులు, బాగా కిందికి దిగిన మెడ, వెనక నేల మీద జీరాడే కొంగులాంటి గుడ్డ. కింద సన్నటి ఎర్రంచు. ఆ అంచు కేశవరావు పంచెదే.

"లోహితా! ఏటే ఇది?"

లోహిత మంచం మీంచి గభాల్న లేచింది. "అమ్మా, ప్లీజ్, వినవా? సాయంత్రం కాలేజీ డాన్స్‌కి. రెండొందల ఏళ్ళ కిందట ఇక్కడి లేడీస్ ఈవినింగ్ పార్టీలకి ఇలాంటివే వేసుకునేవాళ్ళు. ద మస్లిన్ కేమ్ ఫ్రమ్ ఇండియా, యూ నో."

"ఎవత్తో ఎప్పుడో ఏసుకుందని మీ నాన్న పంచె కోసేస్తావా? చేతులు కనబడతా, గుండెలు కనబడతా, పోయిన తండ్రి బట్టలో గెంతుతావా? సిగ్గు లేదూ?"

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఏడాదిగా దేవుడి మీదున్న కోపమంతా పిల్ల మీద పడింది. ఈసారి పిల్ల ఊరుకోలేదు.

"సిగ్గా? నాన్నని ఆ గ్రే సూట్‌లో పంపించావ్! హీ హేటెడ్ దట్ సూట్. పంచె కట్టి పంపిద్దామని నేను అడిగితే కనబడట్లేదన్నావ్. ఇట్ వజ్ దేర్ ఆల్ ద టైమ్! నాతో ఎందుకు అబద్ధం ఆడావ్, అమ్మా?"

గిరిజ మంచం అంచున కూర్చుండిపోయింది.

"అంత్యక్రియలవాళ్ళు ఆయనకి బట్టలు అడిగినప్పుడు అది నా చేతిలోనే ఉందే," అంది. "ఇయ్యలేకపోయాను. అదిచ్చేస్తే నీ పెళ్ళికి ఆయన రాడని నేను ఒప్పేసుకున్నట్టే కదా."

లోహిత గౌను తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టి, లోపలి వైపు తిప్పింది. గుండెకి ఆనే చోట, వెలిసిన పసుపు మరకతో ఒక మూల గుడ్డ కుట్టి ఉంది.

"పసుపు పెట్టిన బట్ట కట్టుకోకుండా ఉంచకూడదని నువ్వే చెప్పావ్ కదా. నాన్న కట్టుకోలేదు. సో, నేను."

సాయంత్రం వెనక తాళ్ళు గిరిజే ముడేసింది. దిగిన మెడ చూసింది. వంటింట్లోకి వెళ్ళి తడి పసుపు వేలికి అంటించుకొచ్చి, ఎర్రంచు మీద బొట్టు పెట్టింది.

"అమ్మా, అది కనిపిస్తుంది!"

"కనిపించనీ. కొత్త బట్ట కదా."

స్నేహితురాలి కారు వెళ్ళిపోయాక, గిరిజ నేల మీది దుప్పట్లు ఒక్కొక్కటే మడిచి పై అరలో సర్దింది. వాటి అడుగున దాచడానికి ఇంక ఏమీ లేదు. హాట్ ప్రెస్ ముందే కూలబడి, కేశవరావు పోయాక మొదటిసారి, ఆమె గొంతెత్తి ఏడ్చింది.