వెనక్కి పిలిచే యంత్రం

ఆ రోజుల్లో విశాఖలో గాలిలోంచి మంచినీళ్ళు పిండేవారు, చంద్రుడి మీద వంకాయలు పండించేవారు. ఇంటర్నెట్ బిల్లు తగ్గించడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. తరంగవాహిని సంస్థకు ఫోన్ చేస్తే ‘వారధి’ అనే యంత్రం తియ్యటి గొంతుతో అంతా విని, అయ్యో అని, అదే బిల్లు మళ్ళీ పంపేది. ఫోన్ చేసినవాడికి ఒళ్ళు మండిపోయేది.

భాషాయంత్రాల శాస్త్రవేత్త భానోజీకి మరీ మండింది. భార్య పైడితల్లి నెట్‌లోనే చంద్రుడి మీది కాలనీవాళ్ళకు వంట నేర్పుతోంది. ఆ సాయంత్రం ఆరింటికి కాలనీ అధికారులు ఆమె పాఠం చూసి ఉద్యోగం ఖాయం చేస్తారు. లైన్ లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. సరిగ్గా ఇప్పుడే బిల్లు రెట్టింపైంది.

అందుకే ‘బేరిణి’ని బయటికి తీశాడు. అగ్గిపెట్టెంత బేరాల యంత్రం అది. మొదట ప్రాబబిలిటీ లెక్కలు నేర్పితే వారధి ముందు చిత్తుగా ఓడింది. విసుగెత్తి దాన్ని పైడితల్లి కూరగాయల సంచిలో వేసి, ఓ వానాకాలమంతా పూర్ణా మార్కెట్‌కు పంపాడు. ధర వినగానే మొహం చిట్లించడం, వద్దులే అని తిరిగి చూడకుండా నడిచిపోవడం, కొట్టువాడు వెనక్కి పిలిచేదాకా ఆగడం అక్కడే నేర్చుకుంది.

బేరం మొదలైంది. వారధి దిగిరాలేదు. “అయితే వద్దులే, కనెక్షన్ తీసెయ్,” అంది బేరిణి. ఇంట్లో తెరలన్నీ ఆరిపోయాయి. సంస్థతో మాట్లాడే దారి ఒక్కటే మిగిలింది.

వెనక్కి పిలుస్తాడు సార్, కంగారుపడకండి అంది బేరిణి. భానోజీ తనను తాను తిట్టుకుంటూ ఇల్లంతా తిరిగాడు. పైడితల్లి మాత్రం పోపు సామాను సర్దుకుంటూ నిమ్మళంగా కూర్చుంది.

ఆరు కావస్తుండగా వారధి పిలిచింది. బిల్లు సగానికి తగ్గిస్తానంది. సరే అంటే చాలు, క్షణంలో లైన్ వస్తుందట. భానోజీకి ఏడుపొచ్చినంత పనైంది.

“ఒప్పుకోండమ్మా, ఇంతకంటే తగ్గడు,” అంది బేరిణి.

పైడితల్లి మొహం మాడిపోయింది. “అదేటి, ఒక్కసారికే సగానికొచ్చీసినాడు? అంటే ఇన్నాళ్ళూ మనల్ని ఎంత దోచీసినాడో. ఇంకా తగ్గుతాడు. ఒద్దను.”

“ఆరవుతోంది పైడీ,” అన్నాడు భానోజీ.

“ప్రతిసారీ తొందరపడి కొనీసి, ఇంకా తగ్గీవోడేమోనని ఇంటికొచ్చిందాకా దారంతా ఏడిసినానండీ. ఈసారి పడను.”

బేరిణి తడబడింది. ఈ ఏడుపు దాని లెక్కలోనే లేదు. రోజూ బేరాలు కాగానే భానోజీ దాన్ని మార్కెట్ గేటు దగ్గరే సంచిలోంచి తీసుకుని ల్యాబ్‌కు పట్టుకుపోయేవాడు. ఇంటిదారి దానికి తెలియదు.

వారధి మరోసారి అడిగింది. గడియారం ఆరు కొట్టింది. పైడితల్లి తిరిగి చూడలేదు.