ఎవరూ మార్చని గొంతు

బడి ఫోన్‌లోంచి నాన్న గొంతు పోయింది ఒక సోమవారం.

లెక్కల టీచర్ సాయంత్రం ఇంటికి వెళ్లి, ఎప్పటిలాగే బడి నంబరుకు ఫోన్ చేసింది. ఆ వేళకు ఆఫీసులో ఎవరూ ఉండరు. అందుకే చేస్తుంది. కాసేపు రింగయ్యాక ఆమె తండ్రి గొంతు సవరించుకుని మాట్లాడేవాడు.

"నమస్కారమండీ. బడి ముగిసింది. తొందరేం లేదు, విషయం నెమ్మదిగా చెప్పండి. రేపు పొద్దున్నే వింటాను."

ఆయన ఆ బడిలో గుమాస్తా. పోయి రెండేళ్లయినా, రేపు పొద్దున్నే వింటానని రోజూ మాట ఇస్తూనే ఉన్నాడు.

ఆ సోమవారం ఒక యంత్రం మాట్లాడింది. "సందేశం లేదు."

బడి ఫోన్లను నడిపేది ఒక ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని ఎక్కడెక్కడో ఉన్న వాలంటీర్లు కలిసి, పైసా తీసుకోకుండా తయారుచేస్తారు. టీచర్ వాళ్ల వెబ్‌సైటులో ఫిర్యాదు రాసింది. ఒకాయన "ఏ వెర్షన్?" అన్నాడు. ఇంకొకాయన మాన్యువల్ చదవమన్నాడు. మూడో ఆయన "మాన్యువల్ ఎవరు రాశారు, నువ్వా?" అన్నాడు. వాళ్లిద్దరూ సుదీర్ఘంగా పోట్లాడుకున్నారు. నాలుగో ఆయన "ఇది లోపం కాదు, అనుకున్నట్టే పనిచేస్తోంది" అని రాసి ఫిర్యాదు మూసేశాడు.

ఆ నాలుగో ఆయనే బడిలో ఈ సాఫ్ట్‌వేర్ పెట్టిన కుర్రాడు. తోటి వాలంటీర్లు అతన్ని ప్యాచ్, అంటే అతుకు, అని పిలుస్తారు. మర్నాడు వానలో బడికి వచ్చాడు. గొడుగు కింద లాప్‌టాప్ ఉంది, మనిషి బయట ఉన్నాడు.

"అనుకున్నట్టే పనిచేస్తోందన్నది మీరేనా?"

"అవునండీ. అంటే, టెక్నికల్‌గా..."

"ఏం అనుకున్నారో కాస్త చెప్పండి."

"కొత్త అప్‌డేట్ అండీ. ఏడాదిగా ఎవరూ మార్చని ఫైలుంటే దానంతటదే తీసేస్తుంది. జాగా మిగులుతుంది."

"మార్చలేదంటే అక్కర్లేదనా?"

"అందరం ఓటు వేశామండీ. ఒక్కరూ వద్దనలేదు."

"మీ ఇంట్లో ఏడాదిగా మారని మనుషులుంటే వాళ్లనీ తీసేస్తారా?"

అతను నిజంగానే ఆలోచించాడు. అదే అతని జబ్బు. "మా అక్క మారలేదండీ. కానీ తీసే పర్మిషన్ నాకు లేదు."

ఆమెకు నవ్వొచ్చింది. వచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

"ఎంత జాగా మిగిలింది?"

"ఒక ఫొటో పట్టేంత."

"అది మా నాన్న గొంతు."

అతని జుట్టులోంచి నీళ్లు టేబుల్ మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు.

"గొంతు సవరించుకుని మొదలుపెడతారు. వెనక కుర్చీ కిర్రుమంటుంది. ఆయనేనా?" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"లైన్ టెస్ట్ చేయడానికి ఆయన గొంతే వాడతానండీ. మాట తేటగా ఉంటుంది. రోజూ వింటాను."

"అంటే... కాపీ ఉందా?"

"ఉంది. కానీ టెస్ట్‌కి మొదటి ముక్క చాలని మిగతాది కత్తిరించేశాను."

"మీకు కత్తిరించడం తప్ప ఇంకేమీ రాదా?"

పోయిన ముక్క కోసం అతను రోజూ సాయంత్రం బడికి వచ్చి డిస్కంతా వెతికాడు. ఆమె రోజూ పక్కన కూర్చుని తిట్టింది. టీ మాత్రం ఇచ్చింది.

ఇంట్లో అక్క అడిగింది. "జీతం లేని ఉద్యోగం, తిట్లు మాత్రం ఓవర్‌టైమా? ఆ టీచరమ్మ ఇంకా తిడుతోందట్రా?"

"తిడుతోందక్కా."

"రోజూనా?"

"రోజూ."

"మరి రోజూ ఎందుకు పోతున్నావ్?"

అతను గొడుగు తీసుకుని చెప్పులు వేసుకున్నాడు.

"అయితే మంచి సంబంధమే," అంది అక్క.

పోయిన ముక్క దొరకలేదు. అతను ఆ అప్‌డేట్‌ను బడిలోంచి పీకేసి, మిగిలిన ముక్కను తిరిగి పెట్టాడు. ఇద్దరూ ఆఫీసులో నిలబడి విన్నారు. నమస్కారమండీ. బడి ముగిసింది. తొందరేం లేదు. తరువాత బీప్.

ఆమె కిటికీ వైపు తిరిగింది. వాన వెలిసింది, చూడటానికి అక్కడేమీ లేదు.

"మిగతాది మీరు చెప్పండి టీచర్ గారూ. ఆయన మాటకు అతికిస్తాను, అతుకు కనపడకుండా."

"కనపడనివ్వండి," అంది.

మరుసటి సాయంత్రం అతను మళ్లీ వచ్చాడు.

"పని అయిపోయిందిగా?"

"అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలండీ."

"ఇదీ ఉచిత సేవేనా?"

"ఇన్నాళ్లూ ఉచితమే. ఇకమీదట ప్రతిఫలం ఆశిస్తున్నాను." చెవులు ఎర్రబడ్డాయి. "మీరు సాయంత్రం పూట ఫోన్ చేసే నంబర్లలో నాదీ ఉంటే చాలు."

"మీరు ఎత్తుతారా, యంత్రం ఎత్తుతుందా?"

"నేనే."

"అప్‌డేట్లు?"

"మీకు చెప్పకుండా ఒక్కటీ వేయను."

ఆమె నంబరు అడిగింది. అతను కంగారులో బడి నంబరే చెప్పాడు.

ఇప్పుడామె సాయంత్రాలు రెండు ఫోన్లు చేస్తుంది. రెండోదానికి మనిషి పలుకుతాడు, మొదటి రింగుకే. అక్క పెళ్లి హాలు మాట్లాడేసింది. పాత ఫైళ్లను తీసేయడం తప్పా కాదా అని వాలంటీర్లు ఇంకా వాదించుకుంటున్నారు, మర్యాదగా మొదలుపెట్టి.

ఆఫీసు టేబుల్ మీద మైకు ఉంది. రేపు పొద్దున్నే వింటాను అనే మాట ఆమె ఇంకా రికార్డు చేయలేదు.